స్మాల్ అంటే ముందు ‘సన్న’, ఆ తర్వాతే ‘చిన్న’: ఈ ఇంగ్లీషు మాట పుట్టుక తెలుసుకుని తప్పుల్లేకుండా వాడే పద్ధతి

రెండెకరాల పొలం ఉన్న రైతు ఇంగ్లీషు ఫారంలో ‘స్మాల్ ఫార్మర్’ అన్న గడిలో టిక్కు పెడితే అది తప్పు. ఆయన స్మాల్ కాదు, మార్జినల్. ఒక హెక్టారు లోపు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు భూమి ఉంటే మార్జినల్ ఫార్మర్, తెలుగులో సన్నకారు రైతు. ఒకటి నుంచి రెండు హెక్టార్ల దాకా, అంటే అయిదెకరాల లోపు ఉంటే స్మాల్ ఫార్మర్, తెలుగులో చిన్నకారు రైతు. అదే ఫారం తెలుగులో ఇస్తే పొరబడేవాళ్లు తక్కువ. సన్న కన్నా చిన్న పెద్దదని లెక్క తెలిసిపోతుంది. ఇంగ్లీషు ఫారం దగ్గరే చిక్కు. ‘నాకుండేదే రవ్వంత, స్మాల్ గాక ఇంకేంది’ అని గీత గీసేస్తారు.

చిన్న అన్నచోటల్లా స్మాల్, సన్న అన్నచోట కూడా స్మాల్ పెట్టేయడం వల్ల వచ్చే తప్పుల్లో ఇదొకటి. బడి పిలకాయల వ్యాసాల్లోనూ, చీరల కొట్ల ఆన్‌లైన్ ప్రకటనల్లోనూ, వంటల వీడియోల కింద రాసే ఇంగ్లీషులోనూ ఇదే కనిపిస్తుంది. మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే వీటిలో చాలా తప్పులు కంటికి ఆనతాయి.

పుట్టుక: సన్నదనం నుంచి చిన్నతనానికి

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ మాట ‘స్మ్యాల్’. దాని ముఖ్యార్థం సన్నని, నాజూకైన, ఇరుకైన. చిన్న అనే అర్థం కూడా అప్పటికే ఉంది, కానీ రాజ్యమేలుతున్నది సన్నదనమే. దాని చుట్టాల్ని చూస్తే ఇది స్పష్టమవుతుంది. జర్మన్‌లో ‘ష్మాల్’, డచ్చిలో ‘స్మల్’, స్వీడిష్‌లో ‘స్మాల్’: మూడింటికీ ఈనాటికీ ఇరుకు, సన్నం అనే అర్థం. జర్మన్‌లో ష్మాల్ వీధి అంటే మన సందు. ఇంగ్లీషు ఒక్కటే పాత అర్థాన్ని పక్కకు నెట్టి చిన్నతనాన్ని ముందుకు తెచ్చుకుంది.

ఇలాంటిది మన పక్కింట్లోనే జరిగింది. తెలుగులో ‘సన్న’ అంటే లావు కానిది. కన్నడంలో ‘సణ్ణ’ అంటే సన్నం కూడా, చిన్న కూడా. బెంగళూరులో నాలుగు నెలలు పని చేసి వచ్చినవాళ్లెవరికైనా ఇది తెలుసు. జర్మన్ ష్మాల్‌కు ఇంగ్లీషు స్మాల్ ఏ వరస అవుతుందో, తెలుగు సన్నకు కన్నడ సణ్ణ దాదాపు అదే వరస. ఈ పోలిక ఒక్కటి బుర్రలో ఉంచుకుంటే చాలు, స్మాల్ చరిత్ర మరిచిపోరు.

ఇంకాస్త వెనక్కి పోతే జీవాలు కనిపిస్తాయి. మన నెల్లూరు పక్క ‘జీవాలు’ అంటే గొర్రెలు, మేకలు. పాత నార్స్ భాషలో ‘స్మాలి’ అంటే అవే, చిన్న పశువులు. గ్రీకులో గొర్రెకో మేకకో వాడే ‘మేలాన్’ అనే మాటనూ, రష్యన్‌లో చిన్న అనే అర్థమున్న ‘మాలీ’నీ భాషా పండితులు ఈ కుటుంబంలోనే కలుపుతారు. మాస్కోలో రెండు ప్రసిద్ధ నాటకశాలల పేర్లు బొల్షోయ్, మాలీ: పెద్దది, చిన్నది. పశువుల్లో చిన్నవి అనడం ఎద్దుతోనూ ఆవుతోనూ పోల్చి అన్నమాట. దేశంలోకెల్లా పొడుగు జాతి అనిపించుకున్న నెల్లూరు గొర్రె కూడా ఒంగోలు గిత్త పక్కన నిలబెడితే చిన్న జీవమే కదా.

పాత అర్థం ఇంగ్లీషులో పూర్తిగా చావలేదు. ‘స్మాల్ ఆఫ్ ది బ్యాక్’ అంటే వీపులో చిన్న ముక్క కాదు, నడుము దగ్గర వీపు సన్నబడే చోటు. అన్నిటికన్నా మంచి సాక్ష్యం మన పొట్టలోనే ఉంది. స్మాల్ ఇంటెస్టైన్ పొడవు సుమారు 6 మీటర్లు, లార్జ్ ఇంటెస్టైన్ పొడవు సుమారు మీటరున్నర. పొడవు లెక్కన అయితే పేర్లు తారుమారు కావాలి. పేరు పెట్టింది పొడవు చూసి కాదు, లావు చూసి. లాటిన్ పేరులో ఈ సంగతి దాపరికం లేకుండా ఉంది: ‘ఇంటెస్టైనుమ్ తెనుయె’, సన్న ప్రేగు. మన సైన్సు పుస్తకాల్లో అది ‘చిన్న ప్రేగు’ అయింది. ఆ పేరు స్థిరపడిపోయింది కాబట్టి మార్చనక్కర్లేదు. కానీ ఆరు మీటర్లది చిన్నది ఎట్లా అయిందని తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే జవాబు ఇదీ.

మాట పుట్టుకను మీరే వెతకాలంటే

ముందు ఏ డిక్షనరీ తెరిచారో చూసుకోండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ, మెరియం వెబ్‌స్టర్ వంటివి అర్థాలను పుట్టిన వరసలో పెడతాయి, పాతది ముందు. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ వంటి నేర్చుకునేవాళ్ల డిక్షనరీలు ఇవాళ ఎక్కువగా వాడేదాన్ని ముందు పెడతాయి. రెండో రకంలో మొదటి అర్థాన్ని చూసి ‘ఇదే అసలు అర్థం’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

తర్వాత ‘ఎటిమాలజీ’ అనో ‘వర్డ్ ఆరిజిన్’ అనో ఉన్న చోటికి పోండి. అక్కడ ‘ఓల్డ్ ఇంగ్లిష్’ రూపం, పక్కనే జర్మన్, డచ్చి చుట్టాలు ఉంటాయి. ఆ చుట్టాల అర్థాలు చదవడం మానొద్దు. ఇంగ్లీషు పోగొట్టుకున్న అర్థం చాలాసార్లు వాళ్లింట్లో భద్రంగా ఉంటుంది, స్మాల్ విషయంలో జరిగింది ఇదే. తెలుగు మాటలకైతే బ్రౌను నిఘంటువు, ద్రావిడ భాషల చుట్టరికాలకు బరో, ఎమెనోల నిఘంటువు చూడాలి. రెండోది 1961లో వచ్చింది, సవరించిన కూర్పు 1984లో. ‘చిన్న’ మాటకు అక్కడ తమిళ, కన్నడ, మలయాళ అన్నదమ్ములు కనిపిస్తారు. తడ దాటి చెన్నై దారి పడితే వినబడే ‘సిన్న’ వాళ్లలో ఒకడు.

చప్పుడు కలిసిందని చుట్టరికం కట్టడం చాలామంది చేసే తప్పు. సన్నలోనూ స్మాల్‌లోనూ ‘స’ ఉందని రెండూ ఒకటే అనకూడదు. అర్థం నడిచిన దారి ఒకటి, మాటలు వేరు. ‘మినీ’ ఇంకా గట్టి ఉదాహరణ. మినీ టిఫిన్, మినీ లారీ అన్నప్పుడు అది మినిమం నుంచి వచ్చిందనే అందరూ అనుకుంటారు. కాదు, ‘మినియేచర్’ను కత్తిరిస్తే మినీ వచ్చింది. మినియేచర్‌కు మూలం లాటిన్ ‘మినియుమ్’, అంటే ఎర్ర సీసపు రంగు, మన సిందూరం. పాత యూరపు చేతిరాత ప్రతుల్లో సిందూరంతో అక్షరాలకు సింగారాలు చేసేవాళ్లు, ఆ బొమ్మల పనికి ఆ పేరు వచ్చింది. ఆ బొమ్మలు చిన్నవి కావడం, మైన్యూట్, మైనర్ వంటి మాటలతో చప్పుడు కలవడం వల్ల చిన్నతనం దానికి అంటుకుంది. అంటే మినీ మీల్స్‌లోని మినీకి ఆంజనేయస్వామి ఒంటికి పూసే సిందూరం మేనమామ వరస.

రాసేముందు వేసుకోవాల్సిన ప్రశ్న: దేంట్లో తక్కువ?

స్మాల్ అన్నది మొత్తం పరిమాణం తక్కువ అన్నప్పుడే సరిపోతుంది. ఒక్క కొలతలోనే తక్కువైతే ఆ కొలతకు వేరే మాట ఉంది. దీన్ని బియ్యం వ్యాపారం చక్కగా తేల్చింది. గింజ రకాల్లో స్మాల్ అన్న మాటే లేదు. పొడవు ఒకటి, సన్నదనం ఒకటి విడివిడిగా కొలుస్తారు. 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే లాంగ్. పొడవును వెడల్పుతో భాగిస్తే 3, ఆపైన వస్తే స్లెండర్. రెండూ ఉంటే లాంగ్ స్లెండర్. 6 మిల్లీమీటర్ల లోపే ఉండి భాగహారంలో 3 దాటితే షార్ట్ స్లెండర్, రెండున్నర నుంచి 3 మధ్య వస్తే మీడియం స్లెండర్, రెండున్నర కన్నా తక్కువైతే షార్ట్ బోల్డ్. మనం రోజూ తినే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, మీడియం స్లెండర్. కాబట్టి ‘సన్న బియ్యం’ను ‘స్మాల్ రైస్’ అని రాస్తే కొనేవాడికి నూకలు గుర్తొస్తాయి. ‘ఫైన్ రైస్’ అనాలి, లేదా ‘స్లెండర్ గ్రెయిన్’.

ఇదే పద్ధతి మిగతావాటికీ పట్టించండి. వెంకటగిరి చీరకు సన్నంచు ఉంటే ‘నారో బోర్డర్’. ‘స్మాల్ బోర్డర్’ అని చాలా ప్రకటనల్లో ఉంటుంది, అర్థమవుతుంది గానీ కొలత తెలియదు. పక్కన అంచు ఎన్ని అంగుళాలో రాస్తే ఇంకా మేలు. మార్కాపురం పలక పలుచగా ఉంటే ‘థిన్’. సన్న దారి ‘నారో పాత్’, సన్న వాన ‘డ్రిజిల్’ లేదా ‘లైట్ రెయిన్’, సన్న గొంతు ‘థిన్ వాయిస్’, సన్న సెగ ‘లో ఫ్లేమ్’. మనిషి పొట్టి అయితే ‘షార్ట్’. లోతు లేని కుంట ‘షాలో’. ఏ ఒక్కదానికీ స్మాల్ అక్కర్లేదు.

చిన్న అన్నా అన్నిసార్లూ స్మాల్ కాదు

ఎక్కువ పరువు పోయేది ఇక్కడే. తెలుగు చిన్నలో వయసు ఉంది, ఇంగ్లీషు స్మాల్‌లో వయసు చాలా పలుచన. ‘మా చిన్నబ్బాయి ఆరడుగులు ఉంటాడు’ అనడంలో మనకు ఏ ఇబ్బందీ లేదు. ‘మై స్మాల్ సన్ ఈజ్ సిక్స్ ఫీట్ టాల్’ అంటే వినేవాళ్లు నవ్వుతారు. ఇద్దరు కొడుకులుంటే ‘యంగర్ సన్’, ముగ్గురూ ఆపైన ఉంటే ‘యంగెస్ట్’. ‘ఆమె నాకన్నా చిన్న’ అంటే ‘యంగర్ దాన్ మీ’. అక్కడ ‘స్మాలర్’ పెడితే ఆమె ఒడ్డూ పొడుగూ తక్కువని చెప్పినట్టు. చిన్నాయనకు ఒక్క మాటలో ఇంగ్లీషు లేదు, ‘ఫాదర్స్ యంగర్ బ్రదర్’ అని విడమరచాలి. ‘నా చిన్నప్పుడు’ అన్నదానికి మాత్రం ‘వెన్ ఐ వాజ్ స్మాల్’ చెల్లుతుంది, పిల్లలు అప్పుడు నిజంగానే చిన్నగా ఉంటారు కాబట్టి. రాతలో ‘యాజ్ ఎ చైల్డ్’ బాగుంటుంది.

నెల్లూరు మాటలో ‘చిన్నగా’ అంటే మెల్లగా అని కూడా. ‘చిన్నగా పో అబ్బయా, రోడ్డంతా గుంతలు’ అన్నదాంట్లో స్మాల్ వెతికితే దొరకదు. నడకకూ బండికీ ‘స్లోలీ’, మాటకు ‘సాఫ్ట్‌లీ’, తలుపు వేయడానికి ‘జెంట్లీ’. క్లాసులో ‘చిన్న డౌటు సార్’ అన్నదాన్ని ‘ఎ స్మాల్ డౌట్’ అంటే మన దేశంలో నడుస్తుంది. బయటివాళ్లకు ‘డౌట్’ అంటే అపనమ్మకం, వాళ్లతో ‘ఎ క్విక్ క్వశ్చన్’ అనండి.

రెండు భాషలూ కలిసే చోటూ ఉంది. నలుగురిలో చిన్నబుచ్చడం అచ్చంగా ‘మేక్ సంబడీ ఫీల్ స్మాల్’. ఇక్కడ భయం లేకుండా స్మాల్ వాడండి. ముఖం చిన్నబోవడం మాత్రం ‘హర్ ఫేస్ ఫెల్’.

పేర్లను అనువదించొద్దు. నెల్లూరు చిన్న బజారు ‘స్మాల్ బజార్’ కాదు. పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పేరులోని పొట్టి ఇంటిపేరు, అది ఏ కొలతా కాదు. ఊరి పేరులో చిన, చిన్న ఉంటే ఇంగ్లీషులో ‘ఎన్’ రెండుసార్లు రాయడం మంచిది. ఒక్కటే రాస్తే బయటివాళ్లు చైనా అని చదువుతారు.

స్మాల్, లిటిల్: కొలతా, ముద్దూ

స్మాల్ కొలిచే మాట, లిటిల్ మనసుతో చూసే మాట. ‘ఎ స్మాల్ హౌస్’ అంటే కొలతలో, మన అంకణాల లెక్కలో, తక్కువ. ‘ఎ లిటిల్ హౌస్’ అంటే మన బుజ్జి, చిట్టి, బుల్లి చేసే పని అది చేస్తుంది. జాలికీ చిరాకుకూ కూడా పనికొస్తుంది. పోల్చాల్సి వస్తే స్మాల్‌నే పట్టుకోండి: ‘స్మాలర్’, ‘స్మాలెస్ట్’. ‘వెరీ’ తగిలించాలన్నా ఇంటికీ పెట్టెకూ ‘వెరీ స్మాల్’ అనే అనాలి. ‘ది హౌస్ ఈజ్ లిటిల్’ అని వాక్యం చివర పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

నీళ్లు, ఉప్పు, డబ్బు, టైము వంటి లెక్కపెట్టలేనివాటికి నేరుగా స్మాల్ అతకదు. ‘స్మాల్ వాటర్’ అనేది ఇంగ్లీషే కాదు. ‘ఎ లిటిల్ వాటర్’ అనాలి. స్మాలే కావాలంటే మధ్యలో ఒక కొలత మాట పెట్టాలి: ‘ఎ స్మాల్ క్వాంటిటీ ఆఫ్ వాటర్’, ‘ఎ స్మాల్ అమౌంట్ ఆఫ్ సాల్ట్’.

ముందు ‘ఎ’ ఉండటం, లేకపోవడం గురించి పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. మనకు అంత అక్కర్లేదు, ‘ఎ’ లేనిచోట తెలుగు మాట చివర ‘ఏ’ చేర్చి చూసుకుంటే చాలు. ‘ఎ లిటిల్ మనీ’ అంటే రవ్వంత ఉంది. ‘లిటిల్ మనీ’ అంటే రవ్వంతే ఉంది. మొదటిదాంట్లో ఊరట, రెండోదాంట్లో దిగులు. ‘ఎ ఫ్యూ’, ‘ఫ్యూ’ కూడా అంతే: కొందరు వచ్చారు, కొందరే వచ్చారు. ‘ఎ’ మరిచిపోతే అర్థం తిరగబడుతుంది కాబట్టి బ్యాంకుకూ ఆఫీసుకూ రాసే ఉత్తరాల్లో ఈ ఒక్క అక్షరాన్ని రెండుసార్లు చూసుకోండి.

పలుకు

స్మాల్, స్మార్ట్ రెండూ తెలుగులో ‘స్మా’తోనే రాస్తాం గానీ చప్పుడు ఒకటి కాదు. స్మార్ట్‌లో నోరు తెరిచిన ‘ఆ’. స్మాల్‌లో పెదాలు గుండ్రం చేసి ‘ఆ’కూ ‘ఓ’కూ నడుమ పలకాలి, బాల్, హాల్, వాల్ లాగా. ముందు ‘ఇ’ రానివ్వొద్దు, ‘ఇస్మాల్’ కాదు.

ముక్కకు ముక్క విడదీయకూడనివి

‘స్మాల్ అవర్స్’ అంటే తెల్లవారుజాము ముందటి గంటలు, ఒకటి, రెండు, మూడు. అంకె చిన్నది, అంతే. ‘స్మాల్ బీర్’ ఒకప్పుడు నిజంగా బీరే, నీళ్లెక్కువైన పలుచని మజ్జిగ లాంటి రకం. స్మాల్‌లోని పలుచన అర్థం దాంట్లో ఉండిపోయింది. ఇప్పుడు లెక్కలోకి రాని సంగతికి వాడతారు. ‘స్మాల్ ప్రింట్’ అంటే ఒప్పందం కాగితం అడుగున కళ్లు పొడుచుకున్నా కనపడని షరతులు. ‘స్మాల్ చేంజ్’ చిల్లర.

‘స్మాల్ ఫ్రై’ని చేపల వేపుడు అనుకునే ప్రమాదం ఉంది. చేపల చెరువుల వాళ్లు మాత్రం మోసపోరు. స్పాన్, ఫ్రై, ఫింగర్లింగ్ అని పిల్లల దశలు వాళ్లకు నోటికి వచ్చు. ఫింగర్లింగ్ అంటే వేలెడంత, ఫ్రై దానికన్నా పిల్లది. ఆ ఫ్రైనే ఇది: లెక్కలోకి రాని చిన్నాచితకా మనుషులు. పోలీసులు స్మాల్ ఫ్రైని పట్టుకున్నారంటే అసలు తిమింగలం బయటే ఉందని.

‘స్మాల్ పాక్స్’ పేరు మరీ తిరకాసు. మన ఊళ్లలో పెద్దమ్మవారు అని వణికిన మశూచి అదే. ఇంత ప్రాణాంతకానికి స్మాల్ ఎందుకంటే, యూరపులో సుఖవ్యాధి సిఫిలిస్‌ను ‘గ్రేట్ పాక్స్’ అనేవాళ్లు, దాని పక్కన ఇది చిన్నదైంది. పొక్కుల సైజు తేడా, జబ్బు తీవ్రత కాదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది భూమ్మీద లేదని ప్రకటించింది. ఆటలమ్మ వచ్చిన పిల్లకు సెలవు చీటీ రాస్తూ ‘చిన్న అమ్మవారు కదా’ అని స్మాల్ పాక్స్ రాయకండి. అది ‘చికెన్ పాక్స్’.

ఒక పేరా పూర్తిగా చేసి చూద్దాం

నెల్లూరు చేపల పులుసు రాతలో చిన్న, సన్న, కొంచెం అన్నీ దొర్లుతాయి కాబట్టి సాధనకు అదే మేలు. తెలుగు ఇదీ:

‘రెండు చిన్న ఉల్లిపాయలు సన్నగా తరగాలి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా పులుసు తీయాలి. నూనె కాగాక చిటికెడు మెంతులు, ఉల్లిపాయలు వేయించి, కొంచెం పసుపు, కారం, ఉప్పు వేసి పులుసు పోయాలి. మరిగేటప్పుడు చిన్న ముక్కలుగా కోసిన మామిడికాయ, ఆ తర్వాత చేప ముక్కలు వేసి సన్న సెగ మీద ఉంచాలి. గరిటె పెట్టకుండా గిన్నెను చిన్నగా తిప్పాలి.’

మొదటి వాక్యంలో చిన్న నిజంగా పరిమాణమే: ‘టూ స్మాల్ ఆనియన్స్’. సన్నగా తరగడం ‘ఫైన్లీ చాప్డ్’. ఇక్కడ ‘చాప్డ్ స్మాల్’ అంటే చెంచాకు తగిలేంత ముక్కలు కోస్తారు, అవి పులుసులో కరగక తేలుతాయి. చిటికెడు ‘ఎ పించ్’. కొంచెం పసుపు ‘ఎ లిటిల్ టర్మరిక్’, ‘ఎ’ తప్పనిసరి. మామిడి ముక్కలు ‘స్మాల్ పీసెస్’, సరైనదే. సన్న సెగ ‘లో ఫ్లేమ్’. ‘స్మాల్ ఫ్లేమ్’ అంటే స్టవ్‌కు ఉన్న చిన్న బర్నర్ అనుకున్నా అనుకోవచ్చు. చివరి ‘చిన్నగా’ మన నెల్లూరు చిన్నగా, ‘జెంట్లీ’.

మిగిలింది నిమ్మకాయ. ‘లెమన్ సైజ్డ్’ అని రాయడం అందరికీ అలవాటు. గూడూరు, పొదలకూరు మార్కెట్లలో బస్తాలకెత్తే మన నిమ్మకాయ ఇంగ్లీషు లెక్కలో ‘లైమ్’. వాళ్ల లెమన్ పసుపుపచ్చగా దాదాపు రెండింతలు ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవరాలు లెమన్ చూసి చింతపండు తీసిందంటే పులుసు నోట్లో పెట్టలేరు. ‘లైమ్ సైజ్డ్’ అని రాసి, పక్కన సుమారు 30 గ్రాములు అని వేయండి.